ముగ్గురు నటులు, ఒక కుర్చీ: ఓరుగల్లులో రాజకీయ నాటిక ఆడించాలంటే

ఓరుగల్లులో చప్పట్లు చవక. డప్పు మీద నాలుగు దెబ్బలు వేయించి, గొంగడి భుజాన వేసుకున్న మనిషితో పిడికిలి ఎత్తించి ఒక్క డైలాగు చెప్పిస్తే చాలు, వెనక బెంచీల నుంచి ఈలలు మోగుతాయి. ఉద్యమాల పాటలు వింటూ పెరిగిన ఊరు మనది. ఆ ఈల డప్పుకు పడిందే తప్ప నీ నాటికకు పడింది కాదు. చౌరస్తా దాటేలోపే జనం దాన్ని మరిచిపోతారు. మొదటిసారి రాజకీయ నాటిక డైరెక్ట్ చేయబోతున్నావా, అదీ ముగ్గురు నలుగురు నటులతో? అయితే ముందు ఆ ఈల మీద ఆశ వదులుకో. మిగతా పనులన్నీ దాని తర్వాతే.

పీజీ చదివే రోజుల్లో నేను ముగ్గురితో ఒక నాటిక చేయించాను. ఒక కౌలు రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. దినాలు అయిపోయిన రాత్రి అతని భార్య వాకిట్లో కూర్చొని ఉంది. అప్పిచ్చిన ఎరువుల దుకాణం సేటు వస్తాడు, వెంట ఎంక్వైరీ కాగితాలతో గిర్దావరు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. ఒకటే వాకిలి, ఒకటే కుర్చీ, 45 నిమిషాలు. రెండుసార్లు ఆడాం. మొదటిసారి ఈలలు వచ్చాయి, నాటిక పాడైంది. రెండోసారి హాలు చప్పుడు చేయలేదు. ఆ రెండింటి నడుమ నేర్చుకున్నదే ఇప్పుడు నీకు చెబుతున్నాను.

స్క్రిప్టు ఎంచుకునేటప్పుడు

పదిమంది ముందు స్క్రిప్టు పైకి చదువు. నీకు నచ్చని పాత్ర, అంటే నువ్వు ఎవరికి వ్యతిరేకంగా ఈ నాటిక వేద్దామనుకున్నావో ఆ మనిషి మాట్లాడే చోట ఆగు. అతని మాటకు అక్కడికక్కడ జవాబు చెప్పలేక నువ్వు తడబడిన చోటు ఒక్కటైనా ఉందా? లేదంటే అది ఇంకా నాటిక కాలేదు, కరపత్రం. మా సేటు ఒక చోట అంటాడు: ‘నేను అప్పు వెట్టకుంటే ఆడు ఇత్తనాలు యాడికెల్లి తెస్తుండె? కౌలోనికి ఏ బ్యాంకు లోనిచ్చిందో చెప్పు, రేపే దుకాణం బందు వెడ్త.’ ఈ మాటకు మా టీములో ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకే ఆ స్క్రిప్టు తీసుకున్నాం.

తక్కువ మందితో రాజకీయం చెప్పడం మన దగ్గర కొత్తేమీ కాదు. బుర్రకథలో ముగ్గురే ఉంటారు: నడుమ కథకుడు, ఒక పక్క హాస్య వంత, ఇంకో పక్క రాజకీయ వంత. ఊరి సంగతి, సర్కారు సంగతి ఎత్తే పని రాజకీయ వంతది, కాబట్టి కథకుడు నిశ్చింతగా కథలోనే ఉండిపోవచ్చు. ఎంత తెలివైన పని విభజనో చూడు. నాటికలో ఆ వంత ఉండడు. అతని పని తీసుకొచ్చి నీ ముగ్గురిలో ఎవరి నెత్తిన పెట్టినా ఆ పాత్ర అక్కడే చచ్చిపోతుంది. మా మొదటి స్క్రిప్టులో ఆ భార్య నోట వ్యవసాయ సంక్షోభం మీద పేజీన్నర ఉపన్యాసం ఉండేది. రాసింది నేనే. రిహార్సల్‌లో ఆ అమ్మాయి రోజూ అక్కడే డైలాగు మరిచిపోయేది. బద్ధకం అనుకున్నాను. తప్పు ఆమెది కాదు, అది ఆ మనిషి మాట కాదు.

హక్కుల సంగతి చిన్నదే గానీ మరిచిపోకు. రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. కాళోజీ 2002లో పోయారు, ఆయన కవితలకు 2062 చివరిదాకా హక్కులున్నట్టే. అనువాద నాటికైతే అనువాదకుడిని కూడా అడగాలి. టికెట్టు లేకుండా ఔత్సాహికులు ఆడే ప్రదర్శనలకు కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో కొంత వెసులుబాటు ఉంది. అయినా రచయిత బతికి ఉంటే ఫోన్ చేసి అడుగు. చాలామంది సంతోషపడతారు, కొందరు హాలుకే వస్తారు.

కాగితాల పని

రాజకీయ నాటికలో ఒక్క వాస్తవం తప్పినా మిగతా 44 నిమిషాలను ఎవరూ నమ్మరు. మొదటి ప్రదర్శనలో మా ప్రభుత్వ పాత్ర గిర్దావరు కాదు, వీఆర్వో. కథ నడిచేదేమో 2021లో. నాటిక అయిపోయాక మూడో వరసలోంచి ఒక పెద్దాయన లేచి, ‘బిడ్డా, వీఆర్వోలను 2020లనే తీసేసిరి గదా, ఈయన యాడికెల్లి వచ్చిండు?’ అన్నాడు. హాలంతా నవ్వు. ఆయన అన్నది నిజం. ఆ ఏడాది సెప్టెంబరులోనే కొత్త రెవెన్యూ చట్టంతో పాటు వీఆర్వో వ్యవస్థ రద్దయింది. మేము కష్టపడి కట్టిన దుఃఖమంతా ఆ ఒక్క ప్రశ్నతో కూలిపోయింది.

అందుకని ఒక నోటుబుక్కు పెట్టుకో. స్క్రిప్టులో వచ్చే ప్రతి పథకం, ప్రతి పదవి, ప్రతి రేటు అందులో రాసి, పక్కన ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో రాయి. మా కథకే చూడు. రైతు బీమా 2018 ఆగస్టు 15న మొదలైంది. పేరు మీద భూమి ఉండి, వయసు 18 నుంచి 59 నడుమ ఉన్న రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. కౌలు రైతుకు పాసు పుస్తకం ఉండదు కాబట్టి బీమా కూడా ఉండదు. అతని కుటుంబానికి ఇంకో దారి ఉంది, ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకు ఇచ్చే పరిహారం. 2015లో వచ్చిన 194 నంబరు జీవోతో దాన్ని 6 లక్షలు చేశారు. దానికి ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ ఉండే త్రిసభ్య కమిటీ విచారణ చేయాలి. భూమి రికార్డులో లేని మనిషి తాను సాగు చేశానని దేనితో రుజువు చేయాలి? మా నాటికకు ముడి అక్కడే పడింది. ఈ రెండు పథకాల తేడా తెలియక ముందు ‘బీమా డబ్బులు’ అని రాసుకున్నంత కాలం మా కథకు ముడే లేదు. వాస్తవం సరిచూసుకుంటుంటేనే కథ దొరికింది.

మనుషులను కలవడానికి వెళ్తే ‘మీ బాధ చెప్పండి’ అని అడగకు. వాళ్ల బాధ నీ నాటికకు సామాను కాదు. కాగితాలు అడుగు. ఏ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగారు, ఏ కాగితం లేదని వాపసు పంపారు, బస్సు చార్జీ ఎంతైంది, ఆ రోజు కూలి పోయిందా? ఇట్లాంటి ప్రశ్నలకు మనుషులు సూటిగా చెబుతారు, చెబుతూ చెబుతూ మిగతాది వాళ్లే చెప్పుకుంటారు. వాళ్ల పేరు, ఊరు, ఇంటి గుర్తులు స్క్రిప్టులోకి రానీయకు. మిర్చి సీజన్‌లో ఒక పొద్దున ఎనుమాముల మార్కెట్‌కు నీ నటులను తీసుకెళ్లి రెండు గంటలు ఊరికే నిలబెట్టు. రేటు పలికే ముందు రైతు తన బస్తా పక్కన ఎట్లా నిలబడతాడో, పలికిన తర్వాత ఎట్లా కూర్చుంటాడో చూడమను. జేబు రుమాలు మరిచిపోవద్దు, ఘాటుకు తుమ్ములు ఆగవు.

పాత్రలు పంచేటప్పుడు

నీ దగ్గరున్న ముగ్గురిలో అందరికంటే బాగా చేసేవాడికి నీకు నచ్చని పాత్ర ఇవ్వు. నేను ఇంత గట్టిగా చెప్పే మాట ఇది ఒక్కటే. మొదటిసారి నేను తిరగేసి చేశాను. బొజ్జ ఉందని ఒక జూనియర్‌ను సేటును చేసి, మీసం మెలేయించి, మెడలో గొలుసు వేయించాను. జనం వాణ్ని చూసి నవ్వి, తిట్టి, హాయిగా ఇంటికి పోయారు. ఎవరికీ నిద్ర చెడలేదు. రెండోసారి మా టీములో అందరికంటే మెత్తగా, నమ్మకంగా మాట్లాడే పిల్లవాడికి ఆ పాత్ర ఇచ్చాను. గొలుసు లేదు, మీసం లేదు, చేతిలో అప్పుల చిట్టా, ఇంట్లో పెళ్లికెదిగిన బిడ్డ ఉందన్న దిగులు. ఆ రోజు నాటిక అయ్యాక నిజంగానే ఎరువుల దుకాణం నడిపే ఒకాయన వచ్చి, ‘నా మాటలు నీకెవరు చెప్పిండ్లు?’ అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయాడు.

పాత్రలు పంచాక మొదటి వారం రోజూ మార్చి మార్చి చదివించు. సేటు వేసేవాడు ఒక రోజు భార్య డైలాగులు చదవాలి, భార్య వేసే అమ్మాయి గిర్దావరు అవ్వాలి. అప్పుడు ఎదుటి పాత్ర మీదున్న చిన్నచూపు కొంత పోతుంది. అదీగాక ముగ్గురి నాటికలో ఒకరికి జ్వరం వస్తే ఆట మొత్తం ఆగిపోతుంది, ఒకరి మాటలు ఇంకొకరికి తెలిసి ఉంటే నీకూ ధైర్యం.

ఇంకొక సంగతి. ఇట్లాంటి కథ ఎత్తుకునే ముందు ప్రతి నటుణ్నీ విడిగా కూర్చోబెట్టి, ‘ఈ కథ మీ ఇంటికి దగ్గరగా ఉందా?’ అని అడుగు. మన జిల్లాల్లో ఏ క్లాసు తీసుకున్నా ఒకరిద్దరి ఇళ్లల్లో ఇట్లాంటిది జరిగి ఉండొచ్చు. అందరి ముందూ అడిగితే ఎవరూ చెప్పరు. చెప్పినవాళ్లను వద్దనకు, నిర్ణయం వాళ్లకే వదిలెయ్. మందు డబ్బా, తాడు లాంటివి స్టేజీ మీదికి తేకు, ఎట్లా చనిపోయాడో చెప్పకు. మొదలుపెట్టే ముందు చేసే ప్రకటనలో టెలీ మానస్ నంబరు 14416 చెప్పు. ప్రభుత్వమే నడిపే ఉచిత హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

భాష: నువ్వు, మీరు, మృతుడు

అనువాదం చదివి డైరెక్షన్ నేర్చుకున్నవాళ్లకు దొరకనిది, తెలుగు డైరెక్టరుకు ఉచితంగా దొరికేది ఒకటుంది. మన పిలుపులు. ఎవరు ఎవరిని ఎట్లా పిలుస్తున్నారో స్క్రిప్టు అంచున ఎర్ర పెన్నుతో రాసుకుంటూ పో. పిలుపు మారిన ప్రతి చోటా బలం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయిందని లెక్క.

మా నాటికలో స్టేజీ మీదికి రాని మనిషి, ఆ చనిపోయిన రైతు, నాలుగు పేర్లతో వస్తాడు. సేటుకు బతికున్నప్పుడు ‘మల్లిగాడు’, గిర్దావరు పక్కనున్నప్పుడు ‘మల్లయ్య’. భార్యకు ‘మా పిల్లల నాయిన’. గిర్దావరు కాగితంలో ‘మృతుడు’. ఈ నాలుగూ ఎప్పుడెప్పుడు వస్తున్నాయో ఒక రోజంతా కూర్చొని చూశాం. సేటు నోట ‘మల్లిగాడు’ పోయి ‘మల్లయ్య’ వచ్చిన చోట అతను గిర్దావరు వైపు ఒక్కసారి చూడాలి, అంతే. వేరే నటన అక్కర్లేదు.

మన పల్లెల్లో ‘సారూ, నువ్వే చెప్పు’ అనడంలో అమర్యాద లేదు. పట్నంలో చదువుకున్న నటులకు ఇది నోరు తిరగదు. గౌరవం అనుకొని ప్రతి చోటా ‘మీరు’ పెడతారు. మా భార్య పాత్రధారిది హన్మకొండ, వాళ్లమ్మ టీచరు. ‘మీరు’ వదలడానికే ఆ అమ్మాయికి వారం పట్టింది. అయితే అది పోయాక మాకొక ఆయుధం దొరికింది. నాటికంతా ఆమె సేటును ‘నువ్వు’ అనే అంటుంది, పదేళ్ల పరిచయం. చివర్లో అతను చిట్టా మూసి లేవబోతుంటే మెల్లగా, ‘మీరు పోండ్రి’ అంటుంది. ఆ ‘మీరు’తో సేటు ఆ ఇంటికి పరాయివాడైపోయాడు. రెండో ప్రదర్శనలో హాలు చప్పుడు లేకుండా అయిపోయింది ఇక్కడే. మొదటి ప్రదర్శనలో ఇదే చోట ఆమెతో ‘దొంగల్లార’ అని అరిపించాను. ఈలలు వచ్చింది కూడా ఇక్కడే.

యాసతో ఇంకో తంటా ఉంది. చాలా ఏళ్లు సినిమాలు మన మాటను రౌడీకి, హాస్యగాడికి మాత్రమే ఇచ్చాయి. ఆ అలవాటుకు స్టేజీ మీద తెలంగాణ మాట వినగానే మనవాళ్లే నవ్వుతారు. దానికి విరుగుడు మొదటి మాటలోనే వేయాలి. తెర తీశాక వచ్చే మొదటి డైలాగు నవ్వుకు చోటివ్వనిదై ఉండాలి, నిదానంగా పలకాలి. ఒకసారి చెవి కుదిరితే తర్వాత ఎవరూ నవ్వరు. మూడు పాత్రలకూ ఒకే యాస అంటించకు. ములుగు అవతలి పల్లె మాట వేరు, వరంగల్ బజారులో వ్యాపారం చేసే మనిషి మాట వేరు. గిర్దావరు మామూలుగా మాట్లాడుతూ ఫైలు తెరవగానే పుస్తక భాషలోకి పోతాడు. ‘సదరు మృతుడు సాగు చేసినట్లు ఆధారములు లేవు.’ ఆ ‘ములు’ దగ్గరే అతను మనిషి నుంచి ఆఫీసు అవుతాడు.

రిహార్సలు

45 నిమిషాల నాటికకు ఆరు వారాలు పెట్టుకో, రోజూ సాయంత్రం రెండు గంటలు. మొదటి వారం కూర్చునే చదవాలి, ఎవరూ లేవొద్దు. రెండు, మూడు వారాలు కదలికలకు. నాలుగో వారం స్క్రిప్టు కాగితాలు చేతిలోంచి పోవాలి. ఐదో వారం ఆపకుండా మొత్తం ఆడటం. ఆరో వారం దీపాలు, సామాను, బట్టలు. ఇంటర్నల్స్ నడుమ వచ్చి ఒక వారం ఎట్లాగూ తింటాయి, కాబట్టి ఏడు వారాలనుకో.

చోటు దొరకలేదని ఆగిపోకు. హాస్టల్ డాబా మీద సుద్దముక్కతో స్టేజీ కొలత గీసుకొని చేయొచ్చు. కానీ అసలు హాల్లో కనీసం రెండు రిహార్సళ్లు కావాలి, అదీ ఫ్యాన్లు తిరుగుతుండగా. మార్చి దాటాక ఇక్కడ ఫ్యాన్లు ఆపి వందమందిని కూర్చోబెట్టలేవు. ఆరు సీలింగ్ ఫ్యాన్ల చప్పుడులో మెల్లగా చెప్పిన డైలాగు ఆఖరి వరసకు చేరుతుందా లేదా నువ్వే ఆ వరసలో కూర్చొని విను. కాజీపేట వైపు హాలైతే రైలు కూత కూడా లెక్కలో వేసుకో. రైలు పోయేదాకా పాత్రలోనే ఉండి ఆగడం నటులకు నేర్పాలి.

ముగ్గురినీ వరసగా నిలబెడితే అది గ్రూపు ఫొటో. ఎప్పుడూ ఒకరు దూరంగా, ఒకరు కింద, ఒకరు కదులుతూ ఉండేలా చూడు. మాకు ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. ఎవరు కూర్చుంటారన్నదే మా కదలికల మొత్తం. ఆ ఇల్లు భార్యది, అయినా కుర్చీ తీసి గిర్దావరుకు వేసేది సేటు, తన ఇల్లే అన్నట్టు. ఆమె నాటికంతా నేల మీదే. ఆమె కుర్చీలో కూర్చునే క్షణం వస్తుందని చూసేవాళ్లు ఎదురుచూస్తారు. మేము కూర్చోనీయలేదు. వాళ్లిద్దరూ పోయాక ఆమె ఆ కుర్చీని తుడిచి, ఎత్తుకొని పక్కింటికి బయలుదేరుతుంది. అది పక్కింటివాళ్ల దగ్గర తెచ్చిన కుర్చీ అని అప్పుడు తెలుస్తుంది.

నటులు చేతులు ఏం చేయాలో తెలియక ఇబ్బంది పడుతుంటే పని ఇవ్వు, నిజమైన పని. మా అమ్మాయికి ఎండుమిర్చి తొడిమెలు తీసే పని ఇచ్చాం. మాట తడబడినప్పుడు చేయి ఆగుతుంది, కోపం వచ్చినప్పుడు చేయి వేగం పెంచుతుంది. ఏడవమని చెప్పే అవసరమే రాలేదు. ఏడుపు నటించొద్దని నియమం పెట్టుకో, వస్తే రానీ. కానీ ఈ మిర్చి దీపాల వేడికి ఘాటెక్కుతుంది. మొదటి పూర్తి రిహార్సల్‌లో ముగ్గురూ దగ్గి దగ్గి కూలబడ్డారు. పైన ఒక పొర నిజమైన మిర్చి, కింద ఎర్ర కాగితం ముక్కలు. ఘాటు తగ్గింది.

పర్మిషన్లు

ముందు డిపార్ట్‌మెంటు, తర్వాత ప్రిన్సిపాల్ లేదా రిజిస్ట్రారు ఆఫీసు, తర్వాత పోలీసులు. క్యాంపస్ లోపల, మైకు లేకుండా, హాల్లో ఆడితే చాలావరకు మొదటి రెండింటితోనే పని అయిపోతుంది. బయటైతే పోలీసు స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వాలి. తేదీ, చోటు, మొదలయ్యే సమయం, ముగిసే సమయం, ఎంతమంది వస్తారు, మైకు ఉందా, బాధ్యత ఎవరిది అన్నవి రాయి. రెండు కాపీలు తీసుకెళ్లి, నీ కాపీ మీద ముద్ర వేయించుకోకుండా బయటికి రాకు. నాటిక దేని గురించి అని అడిగితే దాచకు. దాచి దొరికితే రెండోసారి ఎవరూ నమ్మరు.

మైకుకు 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు వర్తిస్తాయి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట మైకు వాడొద్దు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతం. బయట ఆడితే తొమ్మిదిన్నరకు ముగిసేలా పెట్టుకో.

తేదీ విషయంలో ఒక లోకల్ జాగ్రత్త. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ మాసంలో వస్తుంది. ఆ నెలలో జిల్లా పోలీసులు, బస్సులు, టెంటు సామాను, చివరికి జనరేటర్లు కూడా అటే పోతాయి. ఎన్నికల కోడ్ ఉన్న రోజులూ వద్దు. బతుకమ్మ తొమ్మిది రోజులు హాలు ఇచ్చినా చూసేవాళ్లు రారు.

చట్టం సంగతి కొంత తెలిసి ఉండాలి. నాటకాలను అణచడానికి బ్రిటిషువాళ్లు 1876లో తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టం 2018లో రద్దయింది. అంతమాత్రాన ఏమన్నా అనొచ్చని కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో వర్గాల నడుమ ద్వేషం రెచ్చగొట్టడం 196వ సెక్షన్, మత భావాలను కావాలని గాయపరచడం 299, పరువు నష్టం 356. ఇంకో వైపు 1989లో రంగరాజన్ కేసులో, అది సినిమా గురించిన కేసు, ఎవరో గొడవ చేస్తామని బెదిరించినంత మాత్రాన ప్రదర్శన ఆపకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆచరణలో నీకు పనికొచ్చే మాట ఏమిటంటే, బతికున్న నాయకుడి పేరు, పార్టీ గుర్తు, జెండా రంగు వాడకు. భయం వల్ల అని కాదు. పేరు పెట్టగానే హాలు రెండుగా చీలి, సగంమంది వినడం మానేస్తారు.

వీధిలో ఆడే ఆలోచన ఉంటే భద్రతను తేలిగ్గా తీసుకోకు. 1989 జనవరి 1న సాహిబాబాద్‌లో వీధి నాటకం ఆడుతుండగా సఫ్దర్ హష్మీ బృందం మీద దాడి జరిగింది, ఆయన మరునాడు చనిపోయాడు. నటించని ఇద్దరు స్నేహితులను చుట్టూ జనంలో నిలబెట్టు. బయటికి పోయే దారి, బండ్లు ఎక్కడున్నాయో అందరికీ ముందే చెప్పు. గొడవ మొదలైతే ఆట ఆపేసే మాట ఎవరు చెప్పాలో ఒక్కరిని తేల్చు. అది డైరెక్టరు కాకుంటే మంచిది, డైరెక్టరుకు ఆపబుద్ధి కాదు.

హాలు, ఆ రోజు

బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబరులో ప్రారంభమైనప్పటి నుంచి అందరికీ అందులో ఆడాలని ఉంది. గొప్ప హాలే, కానీ ముగ్గురి నాటిక అక్కడ చీమ నడిచినట్టు ఉంటుంది. పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం నాటకాలకు అలవాటైన చోటు, అయినా మొదటి నాటికకు నేనైతే ఇంకా చిన్నది చూస్తాను. ఒక సెమినార్ హాలు, మూడు వైపులా కుర్చీలు, ఎనభై మంది. ఆఖరి వరసలోని మనిషికి కూడా ఆమె చేతి వేళ్లు కనబడాలి.

దీపాలకు రెండు 500 వాట్ల హాలోజెన్లు, ఒక డిమ్మరు సరిపోతాయి. రెండింటినీ ఫ్యాన్ల లైనుకు కలపకు, వేరే ప్లగ్గులోంచి తీయించు. కరెంటు పోతే ఏం చేయాలో ముందే రిహార్సల్ చేయండి. మా కథ రాత్రి నడిచేది కాబట్టి అమ్మాయి పక్కనే చార్జింగ్ లాంతరు పెట్టాం. పోలేదు, కానీ ఉందన్న ధైర్యం ముగ్గురికీ ఉండింది.

ఫోన్లు ఆపమంటే ఎవరూ ఆపరు. ముప్పై సెకన్ల ముక్క వాట్సాప్‌లో తిరిగితే సేటు మాటలే నీ మాటలని నీ మీదికి వస్తారు. అందుకే మొదటి క్షణం నుంచి ఆఖరి దాకా నువ్వే ఒక స్టాండు కెమెరాతో తీయించు. ఎప్పుడైనా ముక్క బయటికొస్తే మొత్తం చూపించొచ్చు.

నాటిక తర్వాత 20 నిమిషాలు చర్చ పెట్టు. ‘ఎట్లుంది?’ అని అడగకు, ‘బాగుంది’ అని ముగిస్తారు. మేము అడిగింది ఇది: ‘సేటు చెప్పిన దాంట్లో అబద్ధం ఏది?’ ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత మాటలు ఆగలేదు. మైకు మొదట ఒక ఆడమనిషికి ఇవ్వు. మన ఊళ్లో ఏ సభలోనైనా ఇద్దరు రిటైర్డు లెక్చరర్లు ఉండనే ఉంటారు. వాళ్ల మీద నాకు ప్రేమే, కానీ మైకు ముందు వాళ్ల చేతికి వెళ్తే చర్చ ఉపన్యాసమై రాత్రి పదవుతుంది. డైరెక్టరు మాట్లాడొద్దు. వెనక వరసలో కూర్చొని రాసుకో, ముఖ్యంగా నాటిక అర్థం కాలేదన్నవాళ్ల మాటలు.

అందరూ పోయాక కుర్చీలు లెక్కపెట్టి టెంటు హౌసుకు అప్పజెప్పు. మాది ఒకటి తగ్గింది. గంట వెతికాక తెలిసింది, మా అమ్మాయి నాటికలో పక్కింటికని ఎత్తుకెళ్లిన కుర్చీ ఇంకా గ్రీన్‌రూము బయట మెట్ల మీదే ఉంది.